పుట్టని రాజులకు పేర్లు

నేను పేర్లను నమ్మను. గొప్పకు చెప్పడం లేదు. పదకొండేళ్ళుగా చేస్తున్న పని వల్ల అంటుకున్న గుణం ఇది. చంద్రాపూర్‌లో సర్కారు కాగితాలు కావలసినవాళ్ళంతా సేతు కేంద్రానికి వస్తారు. ఆదాయం దాఖలా, నివాసం దాఖలా, పేరు మార్పు అఫిడవిట్, అన్నీ అక్కడే. మూడో కౌంటర్ నాది. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు, బడి దాఖలాలో మరో పేరు పట్టుకుని ఒకే మనిషి నా ముందు నిలబడతాడు. ఈ ముగ్గురిలో మీరెవరు అని మరాఠీలో అడుగుతాను. తడబడేవాళ్ళను కొంత నమ్ముతాను. నవ్వుతూ గబగబా జవాబు చెప్పేవాళ్ళను అస్సలు నమ్మను. మా ఆఫీసులో నా వెనక నాకేదో పేరు పెట్టారని తెలుసు, అదేమిటో కనుక్కునే పనిలో ఇంకా ఉన్నాను.

ఇలాంటిదాన్ని, పొద్దున్నే లేచి ఆఫీసు టైమయ్యేదాకా, ఎన్నడూ పుట్టని రాజులకు పేర్లు పెడుతూ కూర్చుంటానంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే మంచిది. నేనొక నవల రాస్తున్నాను. పురాతన ఈజిప్టు మీదికి పర్షియా సైన్యం వచ్చి ఆ దేశాన్ని గెలుచుకుందని చరిత్ర. నా నవలలో ఆ సైన్యానికి దారి చూపాల్సిన ఎడారివాళ్ళు నీళ్ళున్న బావుల గుట్టు చెప్పరు. సైన్యం దప్పికతో వెనక్కి పోతుంది. ఆ దేశపు రాజులు ఇంకో పన్నెండు తరాలు ఏలుకుంటారు. ఆ పన్నెండుమందీ చరిత్రలో లేరు. పేర్లు నేనే పెట్టాలి, కాని వాళ్ళే పెట్టుకున్నట్టు ఉండాలి.

మొదట్లో అందరిలాగే ఫోనులో వెతికాను. ఈజిప్టు రాజుల పేర్లు, అర్థాలతో సహా, వందలు వందలు దొరికాయి. అంత సులువుగా దొరికినప్పుడే నాకు ఒళ్ళు మండింది. ఒక పేరు నాకు బాగా నచ్చింది. నైలు నది సింహం అని అర్థం రాశారు. ఎక్కడి రాతిమీద ఉందో చెప్పలేదు. వారం రోజులు దాని వెంట పడ్డాను. ఆఖరుకు తేలిందేమిటంటే అది కంప్యూటర్ ఆట కోసం ఎవరో కుర్చీలో కూర్చుని అల్లిన పేరు. ఇంకో నాలుగైదు పేర్లు గ్రీకువాళ్ళు తమ నోటికి అనువుగా తిప్పుకున్నవి. పరాయివాళ్ళు పిలిచిన పేరు పెట్టుకుని సింహాసనం మీద కూర్చునే రాజు నాకు అక్కర్లేదు.

అప్పటినుంచి ఒక రిజిస్టర్ పెట్టుకున్నాను, ఆఫీసులో పెట్టినట్టే. పేర్లు కూర్చడానికి వాడే ఒక్కో మాటకు నాలుగు గళ్ళు. ఏ రాతిమీద దొరికింది, ఏ కాలంలో, ఏ ఊరి రాజవంశం, నాకు చెప్పింది ఎవరు. నాలుగూ నిండితేనే మాట లోపలికి. మూడే నిండితే ఎర్ర సిరాతో సున్నా. ఆ రాతలో అచ్చులు ఉండవని తెలిసిన రోజు రిజిస్టర్ విసిరికొట్టాను. హల్లులు మాత్రమే చెక్కారట, మధ్యలో అచ్చుల్ని ఇప్పటి పండితులు నోరు తిరగడానికి వేసుకున్నారట. అంటే ఏ రాజునూ వాళ్ళమ్మ ఎలా పిలిచిందో ఎవరికీ తెలియదు. మర్నాడు రిజిస్టర్ మళ్ళీ తీసుకున్నాను, ఏం చేస్తాను.

నిజానికి ఆ రాజులు పేర్లు పెట్టుకునే పద్ధతి నాకు నచ్చింది. ఒక్కో రాజుకు ఐదు పేర్లు. నాలుగు పట్టాభిషేకం నాడు తీసుకునేవి, ఐదోది పుట్టినప్పటిది. వాటిలో రెండింటిని తాడు చుట్టి ముడి వేసినట్టుండే గీతలో పెడతారు, సింహాసనం పేరు ఒక దానిలో, పుట్టిన పేరు ఇంకోదానిలో. సింహాసనం పేరు ఒక వాక్యం. అందులో రా అనే సూర్యదేవుడు ఉండాల్సిందే. చదివేటప్పుడు దేవుడి పేరు చివర వచ్చినా, చెక్కేటప్పుడు గౌరవం కొద్దీ ముందు పెడతారు. పుట్టిన పేరులో ఆ కుటుంబం ఏ ఊరిదో ఆ ఊరి దేవత తొంగిచూస్తుంది. నా రాజుల కాలానికి దేశాన్ని ఏలినవాళ్ళు నీత్ అనే దేవత ఊరివాళ్ళు. అందుకని నా మొదటి రాజుకు అంఖ్-ఇబ్-రా అని సింహాసనం పేరు కుదిర్చాను. రా గుండె బతికి ఉంది అని అర్థం. అలాంటి కూర్పులు ఆ కాలంలో వాడుకలో ఉన్నాయి, కాని అచ్చంగా ఈ పేరు నాకు దొరికిన రాజుల జాబితాల్లో లేదు. పుట్టిన పేరు పా-ది-నీత్, నీత్ ఇచ్చినవాడు. మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు మనవాళ్ళు పెట్టే పేర్లలాంటిదే. ఈ రెండూ కుదరడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఇదంతా వినేది ఒక్కరే, మా బాపు. బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. గోదావరి అవతలి ఊరినుంచి పందొమ్మిదేళ్ళప్పుడు వచ్చినవాడు. నేను చదివింది మరాఠీ బడిలో; తెలుగు అక్షరాలు బాపే నేర్పాడు, వాకిట్లో బొగ్గుముక్కతో రాయించి. మా చుట్టాల్లో నా వయసువాళ్ళు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. నేను పెళ్ళి చేసుకోలేదు. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం కూలర్ ముందు మంచం మీద బాపు పడుకుంటే, ఆ వారం రాసింది నేను చదివి వినిపిస్తాను. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి ఆయనకు ఆయాసం. వారానికి రెండుసార్లు గని దవాఖానాలో మిషను పెట్టుకుని మందు పీల్చి రావాలి. చదువుతుంటే ఆ ఊపిరి కూలర్ చప్పుడును దాటి వినిపిస్తుంది.

ఆయన నా కథను పట్టించుకునేవాడు కాదు. యుద్ధం వస్తే నిద్రపోయేవాడు. పేర్ల దగ్గర మాత్రం కళ్ళు తెరిచేవాడు.

"గీ రాజులకు అయిదేసి పేర్లెందుకు బిడ్డా? ఒక్కటి నిలుపుకునుడే కష్టం" అన్నాడొకసారి.

ఇంకోసారి, "పట్టం కట్టినంక చిన్నప్పటి పేరు ఏమైతది?" అని అడిగాడు.

"ఉంటది బాపు. రెండో ముడిల రాస్తరు."

"ఉంటదా" అన్నాడు. తరువాతి ఆదివారం మళ్ళీ అదే అడిగాడు, అప్పటికి మరచిపోయినట్టు.

బాపు దేన్నీ మరచిపోడు. నా కౌంటర్ దగ్గర ఒకే ప్రశ్నను రెండోసారి అడిగే మనిషి జవాబు కోసం అడగడు, ఇంకేదో తూచుకోవడానికి అడుగుతాడు. నా చెవులు నిక్కాయి.

ఆ వారమే కాగితం దొరికింది. పరుపు ఎండలో వేద్దామని తీస్తే కింద మడత పెట్టి ఉంది. గనిలో రిటైరైన వాళ్ళందరి దవాఖానా కార్డులు కొత్తగా చేస్తున్నారు, దానికి ఫారం. నెలాఖరులోపు ఇవ్వకపోతే పాత కార్డు చెల్లదు, మిషను మందు దొరకదు. ఫారంలో రెండో పేజీ కుటుంబంలో ఒకరు నింపాలి. ఈ వ్యక్తిని నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఈ పేరుతోనే ఎరుగుదును, నాకు తెలిసినంతవరకు ఇది నిజం, తప్పని తేలితే శిక్షకు లోబడతాను అని మరాఠీలో అచ్చయి ఉంది. కింద సంతకం. బాపుకు ఉన్న కుటుంబం నేనొక్కదాన్ని. రోజంతా ఇలాంటి ఫారాలు నింపడమే నా బతుకు. అయినా నాకు ఇవ్వకుండా పరుపు కింద పెట్టాడు.

"ఇదేంది బాపు?" అని అడిగాను.

"నింపుదం తియ్యి. ఇంకా టైమున్నది."

"ఇప్పుడే సంతకం పెడ్త, ఇయ్యి."

"జర ఆగు బిడ్డా" అన్నాడు, నా చేతిలోంచి కాగితం మెల్లగా లాక్కుంటూ.

ఆగమన్నాడు గనుక ఆగడం నావల్ల కాలేదు. మామూలు కూతురైతే నవ్వేసి సంతకం పెట్టేది. నేను బాపును వెతకడం మొదలుపెట్టాను.

బాపు పేరు ఇక్కడ రాయను. మా దగ్గర అందరి కాగితాల్లోనూ మన పేరు, దాని పక్కన తండ్రి పేరు, ఆ తరువాత ఇంటి పేరు ఉంటాయి. పెళ్ళయితే నడుమ ఉన్నది మొగుడి పేరుగా మారుతుంది. నాకు మారలేదు. బాపు పేరు నా పేరు నడుమ నలభై ఏళ్ళుగా అలాగే ఉంది. ఎన్ని వేల సంతకాల్లో దాన్ని రాసి ఉంటానో. అయితే ఆ పేరుతో బాపును ఎవరైనా పిలవడం నేను ఎప్పుడు విన్నాను అని ఆలోచిస్తే, గనివాళ్ళు తప్ప ఎవరూ గుర్తురాలేదు. ఊరివాళ్ళు చిన్నాయన అనేవారు, తమ్మి అనేవారు. అమ్మ పోయేదాకా ఆయన పేరు పలకలేదు. మొగుడి పేరు పెళ్ళాం పలకదు, పెద్దల పేరు పిల్లలు పలకరు. మర్యాద అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ మర్యాద చాటున ఎంత దాచవచ్చో అప్పుడు తట్టింది.

బాపు ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు పువ్వు ఉంది. మహాకాళి జాతరలో పొడిపించుకున్నాడట. చిన్నప్పుడు దాని రేకులు లెక్కపెట్టి ఆడుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూశాను. అంతకు ముందు నెలరోజులు నేను చదివింది ఏమిటంటే, ఈజిప్టులో కొందరు రాజులు పాత రాజుల విగ్రహాల మీది పేర్లు చెక్కేసి తమ పేర్లు వేయించుకునేవారు. దాన్ని పట్టుకునే పద్ధతి ఉంది. కొత్త పేరున్న చోట రాయి కాస్త లోతుగా ఉంటుంది, పాత గీతల తోకలు అక్కడక్కడ మిగిలిపోతాయి. బాపు చేతి మీది పువ్వు నడుమ రంగు మిగతాచోట్లకంటే చిక్కగా ఉంది. ఒక రేకు అంచున అక్షరపు కొమ్ము ఒకటి బయటికి వచ్చింది. అది పువ్వుది కాదు. ఆ పువ్వు కింద పేరు ఉంది, దాన్ని కావాలనే కప్పారు.

ఆయన నిద్రలో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తరువాత బాపు స్నేహితుడొకాయన దగ్గరి ఊరు రాజురానుంచి వచ్చాడు. ఇద్దరూ ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్ళు, ఆయన కూడా ఆ ఫారం పనిమీదే వచ్చాడు. బాపు స్నానానికి వెళ్ళాడు. నేను చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. మా బాపు గనిలోకి కొత్తగా దిగినప్పుడు ఎట్లుండె కాకా అని, ముచ్చటకు అడిగినట్టే అడిగాను.

"మీ బాపా? మొదటి దినం లిఫ్టుల దిగి మస్తు ఏడ్చిండమ్మా. పైకి తెచ్చినంక కాళ్ళు చేతులు వణుకుతున్నయ్. ఇగ రాడు అనుకున్నం. తెల్లారి వచ్చి లైన్ల నిలబడ్డడు. జర గూడ భయం లేదు. మనిషే మారిండు అన్నరు అందరు" అని నవ్వాడు. నవ్వి, సగంలో ఆపి, చాయ్ గ్లాసు వైపు చూశాడు.

"ఒక్క దినంల ఎట్ల మారిండు కాకా?"

"గదంతా మీ బాపును అడుగు" అని లేచి వాకిట్లోకి పోయాడు. చాయ్ సగం అలాగే ఉంది.

ఇక నా బుర్ర ఆగలేదు. గనుల్లో వేరేవాళ్ళ పేరు మీద పని చేసినవాళ్ళు ఉండేవారని నాకు తెలియక కాదు. కౌంటర్ దగ్గర అలాంటి కేసులు చూశాను, వెనక్కి పంపాను. ఒక ముసలాయన రెండు రోజులు తిరిగితే రెండు రోజులూ పంపాను. ఇప్పుడు నా ఇంట్లోనే. ఎవరి పేరు అది? ఆ మనిషి ఏమయ్యాడు? మొదటి రోజు ఏడ్చినవాడు రెండో రోజు ఎక్కడికి పోయాడు? గనిలో ఏదైనా జరిగిందా? జరిగితే ఆ పేరును బాపు ఏమీ ఎరగనట్టు తొడుక్కున్నాడా? అంత దూరం పోయాను నేను. ఆయన చేతి అన్నం తిని పెరిగినదాన్ని, ఒక చచ్చినవాణ్ణి కూడా ఊహించుకున్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు సిగ్గు లేదు, కోపం ఉంది.

అడగవలసింది నేరుగా అడగలేదు. వల వేశాను. నా ఏడో రాజుకు అప్పటికి పేరు కుదరలేదు. వాణ్ణి దొంగను చేశాను. వాడు రాజవంశంవాడే కాదు, పాత రాజు పేరున్న ముడిని ఉలితో తొలిపించి, అందులోకి తాను దూరతాడు. ఊరిని నమ్మిస్తాడు. ఆ పాత రాజు ఏమయ్యాడో ఎవరూ అడగరు. మూడు పొద్దుల్లో రాసేశాను, రిజిస్టర్ తెరవకుండా, నాలుగు గళ్ళ ఊసు లేకుండా. ఆదివారం మధ్యాహ్నం చదివాను. చదువుతున్నది కాగితం, చూస్తున్నది బాపు మొహం.

ఆయన నిద్రపోలేదు. మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను ఆపాక చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఆ చెక్కినోడు దొంగ అని రాసినవ్" అన్నాడు.

"మరి?"

"పాత రాజు ఇచ్చిండేమో. అడిగినవా ఆయనను?"

నేను కాగితాలు మడిచి పక్కన పెట్టాను.

"నన్ను అడుగు. కథలు ఎందుకు చదువుతవ్."

"ఎవరి పేరు బాపు నీది?"

"మా అన్నది" అన్నాడు.

పెదబాపు. ఊళ్ళో వ్యవసాయం చేసుకుని, రెండేళ్ళ కిందట పోయిన మనిషి. ఆయన పేరు ఏమిటో నాకు తెలియదని అప్పుడే గ్రహించాను. పెదబాపు అనేదాన్ని, అంతే.

పని దొరికింది అన్నకు. డాక్టరు పరీక్ష అయింది, రిజిస్టర్‌లో పేరు ఎక్కింది, నంబరు బిళ్ళ చేతికొచ్చింది. మొదటి రోజు దిగాడు. చీకటి ఆయనకు పడలేదు. పైకి వచ్చాక బిళ్ళను నేలమీద పెట్టి, మళ్ళీ తాకను అన్నాడు. ఇంటిదగ్గర ఏడుగురు ఈ పని మీద ఆశ పెట్టుకుని ఉన్నారు. అన్నకు తోడుగా వచ్చిన తమ్ముడు పక్క గదిలో ఉన్నాడు, అన్న పోలికే. తెల్లవారి ఆ బిళ్ళ తీసుకుని లైన్లో నిలబడ్డాడు.

"పేరు పిలిచిండు. హాజర్ అన్న. అంతే బిడ్డా. బిళ్ళ మీద నంబరుంటది గని మొకముండదు."

"దొరికితే?"

"ఆర్నెల్లు గదే భయం. ఎవలు ఎనక నుంచి పిలిచినా ఉలిక్కిపడుదు. చేతి మీద నా పేరు పొడిపించుకొని ఉంటి, గదొకటి. జాతర రాంగనే పువ్వు వేయించిన."

"పెదబాపు?"

"పాపం, ఆయినకు ఊళ్ళ పేరు లేకుంట అయింది. నా పేరు ఖాళీగ ఉండె, తీసుకున్నడు. ఓటు, రేషను, భూమి పాసుబుక్కు, అన్నీ నా పేరు మీదనే. ఆయిన నా పేరు మీదనే పోయిండు."

"అంటే పంచాయతీ ఆఫీసుల…"

"చచ్చినోళ్ళ రిజిస్టర్ల నా పేరున్నది. నేనే చూసిన. అన్న పది దినాల కర్మకు పోయిన గదా, సర్పంచు చూపెట్టిండు."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా పేరు నడుమ నలభై ఏళ్ళుగా ఉన్నది పెదబాపు పేరు. నా పదో తరగతి మెమో మీద, నా ఉద్యోగం కాగితం మీద, నేను పెట్టిన ప్రతి సంతకంలో. నా తండ్రి పేరు నా దగ్గర ఎక్కడా లేదు. ఆ మాటే అన్నాను, గట్టిగానే అన్నాను. ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదని తిట్టాను కూడా. ఆయన తలవంచుకుని విన్నాడు. మీ అమ్మకు తెలుసు అన్నాడు. అది విని ఇంకా మండింది.

కోపం తగ్గాక నాలోని కౌంటర్ మనిషి లేచింది. దీనికి దారి ఉంది బాపు అన్నాను. అఫిడవిట్ చేద్దాం, వకీలును పట్టుకుందాం, ఇద్దరూ ఒప్పుకుని మార్చుకున్న పేర్లని చెబుదాం, రిటైరై ఇన్నేళ్ళయింది, ఇప్పుడెవరు అడుగుతారు. ఫారాల పేర్లు కూడా చెప్పాను. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"మీ పెద్దమ్మ నా పేరు మీద ముండమోసి ఉన్నది. ఆ కాగితం మీదనే ఆమె ఇల్లు, ఆమె భూమి. నేను నా పేరు తీసుకుంటే ఆమె మొగడు బతికి వచ్చినట్టు. మరి ఆమెది ఏమైతది? చచ్చినోని తాన పేరు గుంజుకుంటనా?"

దానికి నా దగ్గర ఫారం లేదు.

"నువ్వు సంతకం పెట్టకు" అన్నాడు. "నీ కొలువు గసుంటిది. నాకు ఎట్లనో అయితది. మందు బయట చూసుకుంట." అంటూనే దగ్గు వచ్చి, మంచం పట్టె పట్టుకుని వంగిపోయాడు. వీపు రాస్తూ నిలబడ్డాను. బయట డబ్బు పెట్టి ఆ మిషను మందు ఎన్నాళ్ళు సాగుతుందో ఇద్దరికీ తెలుసు.

నాలుగు రోజులు ఆ ఫారాన్ని బల్ల మీద పెట్టుకుని చూశాను. నాకు తెలిసినంతవరకు ఇది నిజం. పరుపు కింద కాగితం దొరికిన రోజే కళ్ళు మూసుకుని సంతకం పెట్టి ఉంటే అది నిజమే అయ్యేది. నాకు తెలిసింది అంతే కదా అప్పటికి. తవ్వి, వల వేసి, ఆయన నోట చెప్పించి, ఆ మాటను నేనే అబద్ధం చేసుకున్నాను. నా అనుమానం ఇన్నేళ్ళలో ఎన్నో దొంగ కాగితాలను పట్టింది. ఈసారి నిజమైన కాగితాన్ని పట్టుకుని దొంగదాన్ని చేసింది. ఆ నాలుగు రోజులూ ఆఫీసులో ఎవరి కార్డూ వెనక్కి పంపలేదు. ఎవరి మొహమూ సరిగ్గా చూడలేకపోయాను.

ఏడో రాజు అధ్యాయం మార్చాను. పాత రాజే ఉలి తెచ్చి తమ్ముడి చేతిలో పెడతాడు. ఆ తమ్ముడికి సింహాసనం పేరు ఒక్కటే ఉంచాను. పుట్టిన పేరు రాయాల్సిన ముడిని ఖాళీగా వదిలాను. ఏ కాలపు రాజుకూ అలా ఉండదు, పండితులు చూస్తే తప్పు పడతారు. పట్టనీ.

నెలాఖరుకు రెండు రోజులుందనగా, పొద్దున్నే స్నానం చేసి, ఫారం తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. బాపు గడప మీద కూర్చుని చూస్తున్నాడు, వద్దని మాత్రం అనలేదు. అర్జీదారుని పేరు గడిలో పెదబాపు పేరు రాశాను. పుట్టిన తేదీ, పెదబాపుది. పనిలో చేరిన రోజు, పెదబాపు చేరిన రోజు. ఒక్కొక్కటీ కౌంటర్ దగ్గర నింపినట్టే నింపాను. రెండో పేజీ తిప్పాను. కింద, నా సంతకం పక్కన, అర్జీదారునికి మీరు ఏమవుతారు అని ఒక చిన్న గడి ఉంది.

కూతురు అని రాశాను. ఆ కాగితం మొత్తంలో నేను దేనితోనూ సరిచూసుకోవలసిన పని లేనిది ఆ మాట ఒక్కటే.